ఎనిమిదింటికి పొద్దుగుంకిన కోడిపిల్లలు

నా టేబుల్ సొరుగులో ఒక నీలం జీరో బల్బు ఉంది. ప్లగ్గులో నేరుగా దోపుకునే రకం, బొటనవేలంత ఉంటుంది. ప్రయోగశాలకు కొత్తగా వచ్చినవాళ్లు పెన్ను కోసం సొరుగు లాగి, "ఇదేంటి మేడం, ఇక్కడుంది?" అని అడుగుతారు. నేను చెప్పను. చెబితే నా నోటి దురుసు గురించి కూడా చెప్పాలి. ఈ బల్బు వల్ల ఒకామె ఉద్యోగం పోయేది. పెట్టింది ఆమే అయినా పెట్టించింది మాత్రం నేను. ఆ సంగతి నాకు తెలియడానికి నెలన్నర పట్టింది. మొదట బయటపెట్టింది మనుషులు కాదు, కోడిపిల్లల తలలో ఉండే నువ్వుగింజంత గ్రంథి.

నాకు ఈ గడియారాల పిచ్చి చిన్నప్పుడే పట్టింది. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి పటాన్‌చెరు దగ్గరి ప్రభుత్వ కర్మాగారంలో చేరాడు. ఒక వారం పొద్దున డ్యూటీ, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. రాత్రి డ్యూటీ వారం వచ్చిందంటే క్వార్టర్స్‌లో మా ఇల్లు పగలే చీకటయ్యేది. అమ్మ కిటికీలకు దుప్పట్లు కట్టేది, కుక్కర్ పెట్టేది కాదు. మేం పిల్లలం సైగలతో పోట్లాడుకునేవాళ్లం. ఇంత చేసినా నాన్న పదకొండింటికే లేచి మంచం మీద కూర్చునేవాడు. "ఒళ్లు ఒప్పుకోవడం లేదే" అనేవాడు. ఎదురింటివాళ్ల పుంజు మాత్రం ఏ సైరనూ వినకుండా తెల్లవారకముందే టంచనుగా కూసేది. ఒళ్లు ఒప్పుకోవడమంటే ఒంట్లో ఎవరు ఒప్పుకోవాలి, ఆ పుంజుకు వేళ ఎవరు చెబుతున్నారు అని అడిగితే, "నోర్మూసుకుని తిను, నాన్న లేస్తారు" అనేది అమ్మ. జవాబు దొరకలేదు గనక జంతుశాస్త్రం చదివాను.

చదువయ్యాక పటాన్‌చెరు దాటి, ఫ్యాక్టరీల ప్రహరీగోడల మధ్య ఉన్న ఓ చిన్న పరిశోధనశాలలో చేరాను. కోళ్ల దాణా, కోళ్ల జబ్బులు, గుడ్ల దిగుబడి అక్కడి ముఖ్యమైన పనులు. పక్షుల ఒంట్లో గడియారం ఎలా నడుస్తుందన్న నా పని వాళ్లకు ఓ పక్కవాద్యం. అయినా మా సార్ ఒప్పుకున్నారు. కొండాపూర్ వైపు ఫారాల్లో పొద్దుగుంకాక కూడా బల్బులు వేసి ఉంచి కోళ్లచేత గుడ్లు పెట్టిస్తారని ఇక్కడ అందరికీ తెలుసు. వెలుగు ఎక్కువసేపుంటే గుడ్డు ఎందుకొస్తుంది, పగలు ఎంతుందో కోడి లోపల కూర్చుని లెక్కపెట్టేదెవరు అని అడిగితే ఫారంవాళ్లు నవ్వి ఊరుకుంటారు. ఆ లెక్కపెట్టేవాళ్ల కోసమే నా వెతుకులాట.

పక్షికి ఒక్క గడియారం కాదు, మూడు. కంటిలో ఒకటి, మెదడు అడుగున ఒకటి, నడినెత్తి కింద పీనియల్ అనే గ్రంథిలో ఒకటి. నాకు మోజు ఈ మూడోదాని మీద. ఆ గ్రంథి మనకూ ఉంది గానీ మనది గుడ్డిది. కన్ను చెబితే తప్ప పగలైందని దానికి తెలియదు. కోడిపిల్లది అలా కాదు. పల్చటి పుర్రెలోంచి దిగిన వెలుగును అది స్వయంగా పట్టుకుంటుంది. మొదటిసారి ఇది చదివినప్పుడు నేను నా నడినెత్తి తడుముకున్నాను. ఇంకా విడ్డూరం ఉంది. ఆ గ్రంథిని తీసి గాజు పళ్లెంలో, ఆహారద్రవంలో ఉంచితే, కోడి లేకపోయినా తల లేకపోయినా, కొన్ని రోజులపాటు పగటి పని పగలూ రాత్రి పని రాత్రీ చేసుకుపోతుంది. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

అందులో ముళ్లు లేవు, పళ్లచక్రాలు లేవు. జన్యువులున్నాయి. క్లాక్, బీమాల్ అనే రెండు జన్యువులు తయారుచేసే ప్రోటీన్లు జతకట్టి పెర్, క్రై అనే మరికొన్ని జన్యువులను పనిలోకి దించుతాయి. ఆ పెర్, క్రైల ప్రోటీన్లు మెల్లగా పోగుపడి, తిరిగొచ్చి, తమను పనిలోకి దించిన జతనే ఆపేస్తాయి. మేడమీది ట్యాంకులో తేలే బంతి ఉంటుంది చూడండి, మోటారు నింపిన నీళ్లే దాన్ని పైకెత్తి మోటారును ఆపేస్తాయి. ఇదీ అంతే. కొంతసేపటికి ఆ ప్రోటీన్లు అరిగిపోతాయి, ఆపేవాళ్లు లేక పని మళ్లీ మొదలవుతుంది. ఒక చుట్టు తిరగడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. దాదాపు అన్నమాట ముఖ్యం. ఆ కాస్త తేడాను రోజూ సర్దేది వెలుగు. వెలుగు పడగానే పెర్ జన్యువుల్లో ఒకటి జోరందుకుంటుంది, దాంతో గడియారం ముందుకో వెనక్కో జరుగుతుంది.

నా ప్రయోగం చెప్పుకోవడానికి సులువే. హ్యాచరీ నుంచి వచ్చిన ఒక రోజు వయసు పిల్లలను కిటికీలేని గదిలో, వరిపొట్టు మీద పెంచాలి. వెచ్చదనానికి వెలుగివ్వని హీటరు పైన వేలాడుతూ ఉంటుంది. పొద్దున ఆరింటికి లైట్లు వెలుగుతాయి, సాయంత్రం ఆరింటికి ఆరిపోతాయి, ఆ పని టైమరు చూసుకుంటుంది. ఎనిమిది రోజులు ఇలా అలవాటు చేసి, తర్వాత లైట్లు వెయ్యడమే మానేయాలి. చీకట్లో కూడా ఒంట్లో గడియారం నడుస్తోందా, ఏ జన్యువు ఏ వేళకు పైకి లేస్తోందో చూడాలి. చూడడమంటే, పదో రోజున నాలుగు గంటలకోసారి కొన్ని పిల్లలను చంపి గ్రంథి తీయాలి. ఇది దాచుకోవాల్సిన సంగతి కాదు, గొప్పగా చెప్పుకోవాల్సిందీ కాదు.

చీకటి గది విషయంలో సార్ మొదటి రోజే కట్టడి చేశారు. "తాళం చెవి ఒకటే, అది నీ దగ్గరే ఉండాలి. నువ్వు తప్ప ఇంకెవరు లోపలికి వెళ్లినా సరే, వాళ్లు మర్నాడు ఇంటికే."

ఆ కట్టడిని తప్పింది నేనే. సాయంత్రం షిఫ్టులు మారే వేళకు బొల్లారం వైపు కంపెనీ బస్సులూ షేర్ ఆటోలూ అన్నీ ఒకేసారి రోడ్డెక్కుతాయి. ఐదున్నరకు బయటపడకపోతే నేను ఇంటికి చేరడానికి రెండు గంటలు పడుతుంది. అందుకని సాయంత్రం పిల్లలకు నీళ్లున్నాయో లేవో చూసే పని అక్కకు అప్పగించి, తాళం చెవి కూడా ఇచ్చేశాను. ఎర్ర టార్చి వేసి చూసి, ఐదు నిమిషాల్లో బయటికి రావాలని చెప్పాను.

అక్కంటే మా ప్రయోగశాలలో కోళ్లను చూసుకునే ఆమె. యాభై దాటిన మనిషి. కాంట్రాక్టరు కింద పని, అంటే ఒక్క ఫోన్‌తో వచ్చినట్టే ఒక్క ఫోన్‌తో పోయే ఉద్యోగం. అంతకుముందు ఇరవై ఏళ్లు కొండాపూర్ దగ్గర ఓ కోళ్లఫారంలో పిల్లలను సాకింది. చిట్కుల్‌లో ఒక కిరాయి గదిలో ఉంటుంది. కోడలు ఫ్యాక్టరీకి వెళ్తే మనవడిని పక్కింటావిడ చూస్తుంది, రాత్రి ఎనిమిది తర్వాత అక్క చూస్తుంది. సార్ ముందు నన్ను మేడం అంటుంది, ఇద్దరమే ఉంటే బిడ్డా అంటుంది. ఆమెకు ఒక అలవాటు ఉండేది. ప్రతి బ్యాచ్‌కూ పదో రోజున సెలవు పెట్టేది. కారణం రాయమంటే చీటీ మీద 'పని ఉంది' అని రాయించేది. ఏం పని అని నేను ఒక్కసారీ అడగలేదు.

మొదటి బ్యాచ్ వచ్చిన మర్నాడు పొద్దున తలుపు తీసేసరికి మూలన మూడు పిల్లలు చచ్చిపడి ఉన్నాయి. రాత్రి అన్నీ ఆ మూలకే చేరి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, అడుగున ఉన్నవి ఊపిరాడక చచ్చిపోయాయి. లెక్క తప్పింది. ఒక్కో వేళకు ఇన్ని పిల్లలని ముందే అనుకున్నాం, ఇప్పుడు కొన్ని వేళలకు తక్కువ పడతాయి. సార్ నన్ను కూర్చోబెట్టి అరగంట తిట్టారు. నేను బయటికొచ్చి అక్కను నిలబెట్టి తిట్టాను. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు. వరండాలో నలుగురి ముందు ఇలా అన్నాను.

"ఇరవై ఏళ్లు కోళ్లను పెంచానన్నావ్, ఇదేనా పెంచడం? ఇంకొక్క పిల్ల చచ్చిందంటే నువ్వు రేపట్నించి రానక్కర్లేదు."

అక్క చచ్చిన పిల్లలను చేటలో వేసుకుని వెనక్కి వెళ్లిపోయింది. ఏ జన్యువు ఏ వేళకు ఎంత లేచిందో చూపే గీతలు మాత్రం ఆ బ్యాచ్‌వి చక్కగా వచ్చాయి. పెర్ ఎప్పుడు లేవాలో అప్పుడు లేచింది, ఆ గ్రంథిలోనే రాత్రిపూట మాత్రమే పనిచేసే ఒక ఎంజైము రాత్రే లేచింది. ఒక్కటే లోటు, పిల్లలు తక్కువ. అదే మళ్లీ చేయాలి.

రెండో బ్యాచ్‌లో ఒక్క పిల్ల కూడా చావలేదు. సంబరపడ్డాను. ఆ సంబరం జన్యువుల పనిని కొలిచే పీసీఆర్ యంత్రం నుంచి లెక్కలు వచ్చేదాకే. నాలుగు గంటలకోసారి చూసే మాకు మొదట ఏమీ కనబడలేదు. గీత గీసి పాతదాని మీద పెట్టి చూస్తే, రెండూ ఒకే ఆకారంలో ఉన్నాయి, కానీ కొత్తది మొత్తం పక్కకు జరిగింది. అన్ని జన్యువులూ, ఆ ఎంజైమూ, ఒక్కటి మిగలకుండా రెండు గంటలు ఆలస్యంగా లేచాయి, రెండు గంటలు ఆలస్యంగా పడుకున్నాయి. గడియారం పాడైతే గీత పడుకుండిపోతుంది, లేదా పిచ్చిగీత అవుతుంది. ఇది పాడవలేదు. ఎవరో ముల్లు పట్టుకుని జాగ్రత్తగా వెనక్కి తిప్పినట్టు ఉంది.

మూడు రోజులు నాకు అన్నం సయించలేదు. భయంతో కాదు, కుతూహలంతో. ముందుగా టైమరును అనుమానించాను. ఫోన్ పట్టుకుని దాని ఎదురుగా నిలబడ్డాను. ఆరింటికి సరిగ్గా టక్కుమంది. తర్వాత కరెంటును, తర్వాత జనరేటరును అనుమానించాను. వరసగా కూర్చుని లెక్క వేస్తే ఒకటి తేలింది. ఇది ఏ ఒక్క రాత్రో పడిన వెలుగు కాదు, రోజూ పడింది. మా గోడ గడియారం ఏమన్నా సరే, ఈ కోడిపిల్లలకు ఆరింటికి పొద్దుగుంకలేదు. ఎనిమిదింటికి గుంకింది. ఈ మాట వాటి తలలోని జన్యువులు కాగితం మీద రాసి ఇచ్చాయి.

సార్‌కు చూపించాను. ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని చాలాసేపు చూశారు. "ఎవరో రోజూ లోపలికి వెళ్తున్నారు," అన్నారు. "ఎవరో కనుక్కో. ఎవరైతే వాళ్లను ఆ రోజే పంపించేస్తాను. దీనికింక మాటలు లేవు."

నేను పోలీసునైపోయాను. ఎనిమిదిన్నరదాకా గేటు దగ్గరుండే వాచ్‌మన్‌ను అడిగితే, "ఉధర్ మై జాతా హీ నహీ మేడం, బద్బూ ఆతీ హై" అని, ఆ కంపుకు అటువైపే పోనని ముక్కు మూసుకున్నాడు. తలుపు సందులోంచి వరండా లైటు పడుతోందేమోనని గదిలోకి వెళ్లి, తలుపు వేయించి, వెలుగు చారల కోసం గోడలన్నీ చూశాను. ఎక్కడ సూదిమొనంత చుక్క కనబడినా బయట నిలబడ్డ అక్కకు చెబితే, ఆమె నల్ల టేపు అంటించేది. ఇద్దరం ఒక పూటంతా టేపు అంటించాం. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. తాళం చెవి అక్క దగ్గరుందని నాకు తెలుసు. కానీ ఆ సంగతి సార్‌కు తెలియకూడదు గనక, నా ఆలోచనను నేనే అటువైపు పోనివ్వలేదు.

ఆ వారమే అక్కకు జ్వరం వచ్చింది. రెండు రోజులు రాలేదు. తాళం చెవి ఆమెతోనే ఉండిపోయింది. మూడో రోజు మధ్యాహ్నం నేనే ఇస్నాపూర్ చౌరస్తాలో ఆటో ఎక్కి చిట్కుల్ వెళ్లాను.

వరసగా రేకుల గదులు. అక్కది చివరిది. ఎండ లోపలికి రాకుండా తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసి లోపలికి అడుగుపెడితే గదంతా నీలంగా ఉంది. చీరతో కట్టిన తొట్టెలలో మనవడు నిద్రపోతున్నాడు, పక్కన గోడకు ప్లగ్గులో నీలం జీరో బల్బు వెలుగుతోంది.

"గింత దూరమెందుకొచ్చినవ్ బిడ్డా, చెవి నేనే పంపుదు గదా," అంటూ అక్క లేవబోయింది. "జెర కూసో, చాయ పెడ్తా."

"పగలు కూడా ఆ బల్బు వేసి ఉంచుతావా అక్కా?" అని మాటవరసకు అడిగాను.

"తలుపేస్తే చీకటైతది గదా. చీకట్ల లేస్తే పోరడు బెదురుకుంటడు. మనిషి పిల్లయినా కోడిపిల్లయినా గంతే. గందుకే గదా, గిదే బల్బు రోజు నా టిఫిన్ సంచిల పట్కొచ్చి మన పిల్లల తాన పెట్టింది."

నేను కూర్చోబోయినదాన్ని అలాగే నిలబడిపోయాను.

"ఎప్పుడు పెట్టావక్కా?"

"లైట్లు బందైనంక. ఎనిమిదింటికి ఆటో వచ్చేదాంక ఆడనే కూసునేదాన్ని. పొయ్యేటప్పుడు పీక్కపోయేదాన్ని, మల్ల పోరనికి గావాలె గదా. ఒక్కటన్న సచ్చిందా సెప్పు?" ఆమె ముఖంలో తప్పు చేసినట్టే లేదు. నేను మెచ్చుకుంటానని చూస్తోంది.

నా కోపం నాలుక చివరికి వచ్చింది. నెలన్నర పని, గుట్టలకొద్దీ గ్రంథులు, నల్ల టేపు చుట్టలు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. "అంటించిన టేపు సంగతేంటి? వెలుగు పడకూడదనే కదా అదంతా?" అన్నాను, పిల్లాడు లేవకుండా పళ్ల బిగువున.

"అది బయటి ఎలుగు గదా. గీ జీరో బల్బు కూడ ఒక ఎలుగేనా? దీని కింద సూదిల దారం కూడ ఎక్కది." తర్వాత నా ముఖం చూసి ఆమె గొంతు తగ్గింది. "నేనేం జేద్దు బిడ్డా. ఇంకొక్కటి సచ్చినా రావద్దని నలుగుట్ల అన్నవ్. కొత్త పిల్లలు ఒక్కపారే చీకటైతే మూలకురుకుతయ్, ఎక్కి తొక్కుకుంటయ్. ఫారంల మొదటి దినాలు సన్న బల్బు ఏసే ఉంచుతం. నాకు ఎరుకున్నది అదే."

చదువుకున్నదాన్ని, ఆమె చెప్పిన ఈ ఒక్క ముక్క ఆ రోజు వరండాలో అడిగి తెలుసుకోవాల్సింది. అడగలేదు, అరిచాను. పైగా మూడు పిల్లలు చచ్చాయని అరిచిందెవరు? పదో రోజున మిగిలినవన్నిటినీ చంపేది నేనే. ఇది నాకు అప్పుడే, ఆ నీలం వెలుగులో తట్టింది. సిగ్గేసింది.

నన్ను ఇంకా తికమకపెట్టిన సంగతి ఒకటుంది. ఆ గ్రంథిలో వెలుగును పట్టుకునే ప్రోటీనుకు అన్ని రంగుల్లోకీ నీలం వైపు వెలుగే బాగా తగులుతుంది. ఎర్ర బల్బు తెచ్చి ఉంటే బహుశా ఏ తేడా కనబడేది కాదు, నాకు జన్మలో తెలిసేదీ కాదు. మనవడికి నీలం రంగు ఇష్టమని నీలం కొందట.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ చేట పక్కనపెట్టి, "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని ఎన్నిసార్లు చెప్పానే నీకు? ఆవిడ పని పోతే ఆ ఉసురు నీకే," అంది. నిద్ర పట్టలేదని వేరే చెప్పాలా.

పొద్దున్నే సార్ గదికి వెళ్లి నిలబడే అంతా చెప్పాను. ఆయన అక్క మాట రాగానే ఫోన్ అందుకున్నారు, కాంట్రాక్టరుకు చేయడానికి. చేయి చాపి ఆపలేను కదా, గబగబా అన్నాను: "సార్, తాళం చెవి ఇచ్చింది నేను. పిల్ల చస్తే ఉద్యోగం ఉండదని బెదిరించింది నేను. మీ మాట ప్రకారం ఇంటికి వెళ్లాల్సినవాళ్ల వరసలో ముందున్నది నేను. ఆమె తర్వాత."

ఆయన ఫోన్ కింద పెట్టారు. నన్ను కాదు, ఆ గీతలను చూశారు. "ఇంకొక్క బ్యాచ్ ఇస్తాను," అన్నారు. "ఒక్క పిల్ల చావకూడదు, ఒక్క చుక్క వెలుగు పడకూడదు. రెంట్లో ఏది తప్పినా ఆమెను ఉంచడం నావల్ల కాదు. నీ ప్రాజెక్టు గడువు కూడా పెరగదు."

అక్క జ్వరం తగ్గి వచ్చాక సార్ మాట చెప్పాను. దాంతోపాటు, మొదటిసారి, అసలు మేం చేస్తున్నదేమిటో కూడా చెప్పాను. రెండేళ్లుగా ఇది చెయ్యి, అది చెయ్యొద్దు అనడమే తప్ప ఎందుకో నేనెప్పుడూ చెప్పలేదు. ట్యాంకు, బంతి, మోటారు అంతా వివరించాను. ఆమె కింద కూర్చుని విన్నది.

"అంటే పొద్దు దాని నెత్తిలనే ఉన్నదంటవ్?"

"ఉంది."

"అయితే గది నేను సూసిన," అంది. "మొదటి దినం లైట్ బందైనంకనే బెదురుతయ్. నాలుగైదు దినాలైతే బందు గాకముందే తినుడు ఆపి ఒక్కతాన చేరుతయ్. బల్బు వెట్టిన పిల్లలైతే ఎనిమిది గాకముందే, నేను పీకకముందే పండేటియి. నన్నడిగితే నేనే సెప్తుంటి గదా, గిందుకు మిషనెందుకు?"

చీకటి రాబోతోందని ముందే తెలియడమే కదా ఒంట్లో గడియారం ఉందనడానికి గుర్తు. దాన్ని ఆమె రోజూ కూర్చుని కళ్లారా చూసింది. నేనేమో అదే మాట యంత్రంతో చెప్పించడానికి నెలన్నర తిప్పలు పడ్డాను.

"మరి ఇప్పుడు బల్బు లేకుండా ఎట్లా అక్కా?"

ఆమె సంచిలోంచి ఆ బల్బు తీసి నా చేతిలో పెట్టింది. "నీ తాననే ఉంచుకో. నా తానుంటే నా చెయ్యి ఊకోదు. పోరనికి ఇంకోటి కొంటా. పిల్లల సంగతి నాకిడిసిపెట్టు. ఎలుగు లేకుంటే ఏమాయె, వాటికి తల్లి ఉన్నదని ఎరుకైతే సాలు." అని గొంతు లోపల, తల్లికోడి పిల్లలను రెక్కల కిందికి పిలిచే చప్పుడు చేసింది. కొర్ర్, కొర్ర్. అది నోటితో చేస్తోందా, ముక్కుతోనా, నాకు అర్థం కాలేదు.

సార్‌తో చెబితే ఆయన నొసలు చిట్లించారు. "వాటి గడియారానికి చప్పుడు కూడా వేళ చెబుతుందేమో?" అన్నారు. మంచి ప్రశ్న. జవాబు మా దగ్గర లేదు. మొదటి మూడు సాయంత్రాలు మాత్రమే, లైట్లు ఆరగానే మొదలుపెట్టి ఒక గంటసేపు, అని ఒప్పందం చేసుకుని నోటుబుక్కులో రాసుకున్నాం. ఈసారి సార్ తాళం చెవి తీసుకుని తన చేత్తోనే అక్కకు ఇచ్చారు. ఆమెకు మళ్లీ జ్వరం వస్తే పనికొస్తుందని నేనూ ఆ చప్పుడు నేర్చుకోబోయాను. ఇంట్లో బాత్‌రూంలో సాధన చేస్తుంటే నాన్న తలుపు కొట్టి, "గొంతులో ముల్లు గానీ ఇరుక్కుందా?" అని అడిగాడు.

లైట్లు వెలిగిన ఆ ఎనిమిది రోజులూ పొద్దున తలుపు తీయగానే మూలల్లోకి చూసి లెక్కపెట్టేదాన్ని. మొదటి రోజు అన్నీ ఉన్నాయి. రెండో రోజూ ఉన్నాయి. అక్క నా వెనక నిలబడి నాతోపాటే పెదవులు కదుపుతూ లెక్కపెట్టేది. మా ఇద్దరి లెక్కా సరిపోయాక ఆమె వెళ్లి వాకిలి ఊడ్చుకునేది. ఒక్కటీ చావలేదు. గీతలు వచ్చిన రోజు సార్ వాటిని మొదటి బ్యాచ్ గీతల మీద పెట్టారు. ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. కాంట్రాక్టరుకు ఫోన్ చేయలేదు. అక్కకు మాత్రం, "బాగా చూశావమ్మా" అని ఒక్క మాట అన్నారు. నేను ఆ సాయంత్రం ఇస్నాపూర్‌లో మిర్చి బజ్జీలు కొని అక్క సంచిలో పెట్టాను. అంతకంటే నాకు చేతకాలేదు. అనాల్సిన మాట ఒకటి గొంతులోనే ఉండిపోయింది.

తర్వాతి బ్యాచ్ వచ్చిన మొదటి సాయంత్రం, ఆటో పోతే పోయిందని, సార్‌ను అడిగి నేనూ లోపలికి వెళ్లాను. బయట ఇంకా ఎండ ఉంది. అక్క వరిపొట్టు పక్కన కాళ్లు ముడుచుకుని కూర్చుంది, ఆమె పక్కన నేను. పిల్లలు పసుపు రంగు ముద్దల్లా అటూ ఇటూ పరుగులు పెడుతున్నాయి. టైమరు టక్కుమంది. అంత చీకటిని నేను అంతకుముందు చూడలేదు. నా చేయి నాకు కనబడలేదు. ఒక్కసారిగా కీచుకీచుమని గోల, చిన్న చిన్న కాళ్ల పరుగు. నాకే భయం వేసింది. అప్పుడు పక్కన మొదలైంది. కొర్ర్, కొర్ర్. తొందర లేదు, ఆగడం లేదు. పరుగులు మెల్లగా తగ్గాయి. ఏదో నా పాదం మీదికెక్కి, వెచ్చగా, అక్కడే కూర్చుండిపోయింది. దాని పుర్రె కింద నువ్వుగింజంత చోట చీకటి పడిందన్న కబురు అందుతోందని, అక్కడేవో పోగుపడుతున్నాయని నాకు తెలుసు. తెలిసి కూడా పాదం కదపలేకపోయాను.

ముఖం కనబడదు గనక ధైర్యం వచ్చింది. "అక్కా, ఆ రోజు వరండాలో నలుగురిలో నిన్ను అలా అనకుండా ఉండాల్సింది. పిల్లలు చావడంలో నీ తప్పేం లేదు. తప్పంతా నాది."

కొర్ర్ కొర్ర్ ఆగింది. చీకట్లోనే తడుముతూ ఆమె నా చేయి దొరకబుచ్చుకుంది.

"ఊకో బిడ్డా," అంది గుసగుసగా. "ఇప్పుడే కన్ను మలుగుతున్నయ్. ఉన్నన్ని దినాలన్న బెదరకుంట పండనియ్."

పదో రోజు కోసం అక్క ఎప్పటిలాగే సెలవు చీటీ తెచ్చింది. 'పని ఉంది' అని రాసి ఉంది. తీసుకునేటప్పుడు నేను తలెత్తి ఆమెను చూడలేకపోయాను.